తడవని తొడుగులు

ఓడెట్ ఎడమచేత్తో చేప తల అదిమిపట్టి, కుడిచేత్తో కత్తి దింపి, రెండు ముక్కలూ బుట్టలోకి తోసింది. మళ్ళీ ఇంకో చేప అందుకుంది. ఉప్పులో ఊరిన కానాగంతలవి. లాబ్‌స్టర్ బోనుల్లోకి ఎర. రేపు తెల్లారగానే ఊళ్ళో పడవలన్నీ బోనులు దింపడానికి బయలుదేరతాయి. అందుకని ఎర షెడ్డులో ఆ రోజు ఎవరికీ తలెత్తే తీరిక లేదు.

ఆమె పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బుట్టలు ఒకే పక్కన మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది. వేళ్ళ సందుల్లో ఉప్పు కోసిన పగుళ్ళు ఎండాకాలంలో కూడా పూర్తిగా మానవు. ఎంత కడుక్కున్నా చెవి వెనకాల ఎక్కడో ఒక పొలుసు అతుక్కునే ఉంటుంది. రాత్రిళ్ళు ఆల్బన్ దాన్ని గోటితో గీకి తీస్తాడు. పెళ్ళైన కొత్తలో మొదలైన పని అది.

"నాకే గనక కొడుకుంటే, కత్తి పదును నువ్వే పట్టుకోరా అని చెబుతా," అంది ఓడెట్, చేప మీంచి చూపు తిప్పకుండా. "ఇంకొకళ్ళు పట్టిన పదును ఎవడి చేతికీ కుదరదు."

ఎదుటి బల్ల దగ్గర జెర్మేన్ నవ్వింది. షెడ్డులో అందరికన్నా పెద్దది ఆమె. మొగుడు పోయి చాలాకాలమైంది.

"నీ కొడుక్కి నువ్వు చెప్పని సంగతి ఏదన్నా మిగిలిందిటే? పొద్దున నా బన్ను తిన్నది కూడా వాడేనట. ఈవెట్ చెప్పింది."

"మావాడి మీద పెట్టకక్కా. ఈవెట్ మూతి మీద జామ్ చూడు."

పక్క బల్ల దగ్గరున్న ఈవెట్ గభాలున మూతి తుడుచుకుంది. మూతి మీద ఏమీ లేదు. షెడ్డంతా గొల్లుమంది.

ఓడెట్ కొడుకు ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. వాడికి పేరు లేదు. చెప్పే మాటను బట్టి వాడి వయసు మారుతుంది. ఒకరోజు పాలపళ్ళ పిల్లాడు, మర్నాడు పెళ్ళికొడుకు. ముందు ఈత నేర్చుకో, మీ నాన్న నేర్చుకోలేదు. పడవ మీద పంది మాటెత్తకు, ఆ నమ్మకానికి నవ్వొస్తే ఒడ్డుకొచ్చి నవ్వుకో. గుడ్లున్న లాబ్‌స్టర్ దొరికితే ఎవరూ చూడకపోయినా నీళ్ళలోకి వదిలెయ్. పిల్ల వద్దంటే రెండోసారి అడక్కు. ఏడుపొస్తే గాలికి ఎదురుగా నిలబడు, ఆ కన్నీళ్ళెందుకని ఎవరూ అడగరు.

రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ తర్వాత రానేలేదు. ఇప్పుడామెకు నలభై ఆరు. "ఉంటే" అన్న మాట మాత్రం ఇంకా వదల్లేదు. షెడ్డులో ఎవరూ దాన్ని సరిదిద్దలేదు.

"ఇంకోటి కూడా చెబుతా," అంది ఓడెట్ బుట్ట పక్కకి జరుపుతూ. "అడిగినవాడికి అందరూ పెడతారు. అడగలేనివాడు ఎవడో చూసి, ముందు వాడికి పెట్టమంటా."

మధ్యాహ్నం టీ వేళ ఆల్బన్ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతనికంటే ముందే మాడిన ఉన్ని వాసన లోపలికి వచ్చింది.

"ఏమే, ఒకసారి రా."

అతని చేతిలో నల్లగా, అప్పడాల్లా ముడుచుకుపోయినవి రెండున్నాయి. నిన్నటిదాకా అవి తెల్ల ఉన్ని చేతితొడుగులు.

"తడిసినాయని ఇంజను మీద ఆరేశా. ఇంతలో పడవలోకి బోనులెక్కించడానికి రమ్మన్నారు. మరిచిపోయా."

"చెయ్యి పెట్టుకునే చోట పెట్టక పొయ్యిలో పెట్టాడమ్మా," అంది జెర్మేన్. "ఇప్పుడేం చేస్తావురా? రబ్బరువి వేసుకుంటావా?"

"వేసుకుంటాలే."

రబ్బరు తొడుగుల్లో అతని చెయ్యి పనిచెయ్యదని అక్కడందరికీ తెలుసు. ఒక చలికాలం కుడిచేతి రెండు వేళ్ళు గడ్డకట్టి, తర్వాత ఎప్పటికీ సరిగా వంగలేదు. బోను నీళ్ళలోకి దిగేటప్పుడు తాడు పాములా పరుగెడుతుంది. పట్టు తెలియని చేతిని అది వదలదు.

"దుకాణంలో ఉన్ని ఉంది. కాకపోతే బూడిదరంగుది," అంది ఈవెట్.

"నోరు ముయ్యవే! బూడిదరంగు వేసుకుని పడవెక్కుతాడా? అపశకునం కాదూ? మంచిరోజు పూట ఏం మాటలవి?" అని కసిరింది జెర్మేన్.

"అయినా పొద్దుటికల్లా ఎవరల్లుతారు," అని ఈవెట్ గొణిగింది.

"మా ఆయనవి ఇంకా గూట్లోనే ఉన్నాయి," అంది జెర్మేన్, ఈసారి నెమ్మదిగా. "ఇస్తాగానీ, నీకు పట్టవురా. ఆయన చెయ్యి చిన్నది."

ఆ తొడుగుల సంగతే అంత. మనిషి చేతికి రెండింతలు పెద్దగా అల్లుతారు. వేడి ఉప్పునీళ్ళలో ముంచి, చేతికి వేసుకుని రుద్దితే ఉన్ని దగ్గరపడుతుంది. దట్టంగా, గాలి దూరకుండా, ఆ చేతి అచ్చులోకి వస్తుంది. ఆ తర్వాత ఇంకో చేతికి పనికిరాదు. అల్లేది ఆడవాళ్ళే అయినా, పూర్తిచేసేది వేసుకున్నవాడే.

ఓడెట్ ఇంట్లో, పడగ్గది సొరుగు అడుగున, ఇంకా తడవని తెల్ల జత ఒకటుంది. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, పుట్టబోయేవాడి కోసం అల్లింది. పెద్దయ్యాక వాడి చెయ్యి ఎంతవుతుందో తెలియదు కాబట్టి ఇంకాస్త పెద్దగానే అల్లింది. ఆ సంగతి ఆల్బన్‌కి తెలుసు, జెర్మేన్‌కి తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"నువ్వింటికి పోవే," అంది జెర్మేన్. "మిగతా బుట్టలు నేను చూస్తాలే."

ఓడెట్ వెళ్ళలేదు. తన బుట్టలు తానే ముగించి, బల్ల కడిగి, కత్తి తుడిచి పెట్టాకే బయలుదేరింది.

ఇంటికెళ్ళి బంగాళాదుంపలు తురిమింది. గుడ్డలో వేసి నీరంతా పిండి, కాగే కోడిరసం పోసి కలిపి, మధ్యలో కోడిమాంసం పరిచి పొయ్యిలో పెట్టింది. ఏటా బోనులు దింపే రోజుకి ముందు చేసేదే. ఆల్బన్ వచ్చి, చేతులు కడుక్కుని తిన్నాడు. రబ్బరు తొడుగులు అప్పటికే గుమ్మం పక్కన, బూట్ల మీద పెట్టి ఉన్నాయి.

"అడుగున మాడిన పెచ్చు ఉందా?" అని అడిగాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఓడెట్ ఆ పెచ్చు గీకి అతని కంచంలో వేసింది. కాసేపు అతని కుడిచెయ్యి కేసి చూసింది. ఆ రెండు వేళ్ళు చెంచాను పట్టుకోవు, దాని పక్కన ఊరికే ఆనుకుని ఉంటాయి. లేచి, బకెట్టు తీసుకుని రేవు మెట్ల దాకా వెళ్ళి సముద్రపు నీళ్ళు తెచ్చింది. పొయ్యి మీద కాచి మళ్ళీ బకెట్టులో పోసింది. తర్వాత పడగ్గదిలోకి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడైంది. ఆమె వెంటనే రాలేదు. ఆల్బన్ చెంచా కింద పెట్టేశాడు.

తొడుగులు మేజోళ్ళంత పొడుగున్నాయి. ఇంకా గొర్రె వాసన పోలేదు.

"ఇవి వేసుకుని చేతులు ముంచు," అంది.

"ఓడెట్, అవి..."

"నీళ్ళు చల్లారిపోతాయి. ముంచమన్నానా!"

అతను ముంచాడు. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని అతని అరచేతుల్ని ఒకదానితో ఒకటి రుద్దించింది. బొటనవేలి దగ్గర తానే నొక్కింది. వంగని రెండు వేళ్ళ దగ్గర ఎక్కువసేపు నొక్కింది. ఉన్ని కొద్దికొద్దిగా బిగుసుకుంది.

"తాడు చుట్టలో కాలు పెట్టకు," అంది. "పక్కవాడు తొందర పెడితే తొందరపడకు. అందరితో పాటే వెనక్కి తిరుగు. నాలుగు బోనులు మిగిలిపోతే పోనీ."

"సరేనమ్మా," అన్నాడు ఆల్బన్ నవ్వుతూ.

అన్నాక నవ్వు ఆగిపోయింది. ఇద్దరి చేతులూ నీళ్ళలో కాసేపు కదల్లేదు. ఆ తర్వాత ఆమె అతని ఎడమచేతి బొటనవేలు పట్టుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

తెల్లారేసరికి ఊరంతా రేవులో ఉంది. ఫాదర్ పడవల మీద పవిత్రజలం చల్లాడు. మేడంత ఎత్తు బోనులు పేర్చుకుని పడవలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. మూడో పడవ వెనకభాగం నుంచి ఆల్బన్ చెయ్యెత్తాడు. మసక వెలుగులో ఆ చెయ్యి తెల్లగా, స్పష్టంగా కనిపించింది.

జెర్మేన్ వచ్చి పక్కన నిలబడి, రోజూలాగే మోచేత్తో పొడిచింది. "ఏమంటున్నాడే మీవాడు ఇవాళ?"

"వెళ్ళాడక్కా," అంది ఓడెట్.

జెర్మేన్ ఆమెకేసి చూసింది. తర్వాత దూరంగా ఉన్న ఆ తెల్ల చేతికేసి చూసింది. గాలి సముద్రం మీంచి వీస్తోంది. ఇద్దరూ దానికి ఎదురుగా నిలబడ్డారు.

వంటింట్లో పీట పక్కన బకెట్టు అలాగే ఉంది. నీళ్ళు చల్లారి, అంచు చుట్టూ ఉప్పు తెల్లగా గీత కట్టింది. మధ్యలో ఒక ఉన్నిపోగు, మునగకుండా తేలుతోంది.