ఇంజను ఆపని కాంపౌండరు

పౌలురాజు రోజూ పొద్దున్నే దేశ రాజధానిలో, మునిర్కాలో తన అద్దెగది ముందు మోటారుసైకిలు తుడుచుకునేవాడు. అది అతను కాంపౌండరుగా పనిచేసే మిషన్ ఆసుపత్రి వాళ్ళిచ్చిన చిన్న బండి, రాళ్ళదారుల కోసం ముళ్ళటైర్లు వేసింది. టాంకులో మొహం చూసుకోవచ్చు, చైనుకు ఎప్పుడూ నూనె ఉండేది. గాలి వడపోసే స్పాంజిని మాత్రం గోడకేసి నాలుగు దెబ్బలు కొట్టి మళ్ళీ పెట్టేసేవాడు. పైన పటారం, లోన లొటారం.

"ఆ స్పాంజి ఉతకండి. ఎవరెవరి మాటలు పేరుకుపోయాయో," అనేది అతని భార్య రెబ్కా.

ఇంజను తిరుగుతుండగా పక్కన ఎవరేమన్నా ఆ బండి గాలితోపాటు పీల్చేసుకునేది. స్పాంజి ఉతికితే మురికితోపాటు మాటలూ బయటికొచ్చేవి. ఇంటివాళ్ళకీ, కిరోసిన్ కొట్టువాడికీ కూడా తెలిసిన సంగతే. "ఆదివారం చూద్దాంలే," అనేవాడు పౌలురాజు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి.

మెహ్రౌలీ దాటాక కొండల్లో ఒక రాతి క్వారీ ఉండేది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలకి అక్కడ వారం వారం మందులివ్వడం అతని పని. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో బండి పేచీ మొదలెట్టింది. నల్లపొగ కక్కేది, ఎత్తు ఎక్కనని మొరాయించేది, వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్టయ్యేది కాదు. ప్లగ్గు గీకాడు, కార్బురేటరు విప్పి ఊదాడు, లాభం లేకపోయింది. ఇక క్వారీలో ఇంజను ఆపడమే మానేశాడు. బండి మీద కూర్చునే మందులు పంచేవాడు. ఆ రొదలో ఎవరేం చెప్పినా తలూపి "ఠీక్ హై" అనేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు బండి ఇంటి ముందే ఆగిపోయింది. గత్యంతరం లేక కిరోసిన్ గిన్నెలో ముంచి స్పాంజి పిండాడు. మడ్డితోపాటు ఒక ఆడగొంతు వచ్చింది.

"సారూ, నేను గౌరిని. మా ఇంటాయన చెన్నకేశవులుకు దగ్గితే నెత్తురు పడుతున్నది. పెద్దదవాఖానకు తోల్కపోవా?"

వెంటనే తన గొంతే: "ఠీక్ హై."

మళ్ళీ పిండాడు.

"పోయిన వారం గూడ చెప్పిన గద సారూ. ఇప్పుడు లేస్తనే లేడు."

"ఠీక్ హై."

ఇంకోసారి ముంచి పిండాడు.

"ఆయన పోయిండు సారూ. నాకు గూడ దగ్గు పట్టుకున్నది."

"ఠీక్ హై, ఠీక్ హై."

రెబ్కా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. పావుగంట పనికి బద్ధకించి మనిషిని పోగొట్టానని అతను కుమిలిపోయాడు. "ఏడుపు తర్వాత. అది బిగించి బయల్దేరండి," అన్నదామె.

క్వారీలో ఇంజను ఆపి దిగాడు. గౌరి రాళ్ళు కొడుతోంది.

"నాకు వినపడలేదమ్మా," అన్నాడు.

"తలకాయ ఊపితివి గద సారూ," అన్నది గౌరి.

"రామ్మా, ఆసుపత్రికి పోదాం," అన్నాడు. ఆమె సుత్తి పక్కన పెట్టి, కొంగు నడుముకు చుట్టుకుని వెనక ఎక్కింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి హిందీలో చెప్పాడు. క్షయ ఇప్పుడిప్పుడే మొదలైందట, మందులు మానకుండా వాడితే పూర్తిగా తగ్గిపోతుందట. తర్వాత పౌలురాజు భుజం తట్టి, సరిగ్గా సమయానికి తీసుకొచ్చావన్నాడు.

"ఏమంటుండు సారూ?" అనడిగింది గౌరి.

"నీకు తగ్గిపోతుందంట."

"ఇంకేదో అన్నడు గద."

పౌలురాజు ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పలేకపోయాడు.