రెప్ప మీద గుడ్డు

ఇది కూడా చల్లగానే ఉందేమో, పక్కదానిలాగే, అనుకుంటూ తఫీదా ఎడమ కన్ను మూసి గుడ్డును రెప్పకు ఆనించుకుని ఊపిరి బిగబట్టింది, వెచ్చదనం ముందు రెప్పకు తగిలి ఆ తర్వాత మెల్లగా కంటి లోపలికి దిగాలి, నాన్న నేర్పింది అదే, వేలు అబద్ధం చెబుతుందే, అరచెయ్యి పనిలో కాయకాచిపోతుంది, రెప్ప ఒక్కటే చచ్చేదాకా పసిబిడ్డ, దాన్నే అడుగు అనేవాడు, ఆ పసిబిడ్డ ఇవాళ పలకడం లేదు, గుడ్డును వరసలో పెట్టేసి ఇంకొకటి తీసింది, అదీ అంతే, చల్లబడ్డాయంటే ఇక గొడవే లేదు, చల్లబడ్డాయని కూతురితో చెప్పి గుడ్లు పొదిగించే ఈ మట్టిగూట్లోంచి పాక్కుంటూ బయటికి పోయి ఇన్ని టీ నీళ్ళు తాగి పడుకోవచ్చు, మెత్వల్లీకి వేరే జవాబు వెతుక్కోనక్కర్లేదు, పొద్దున్నే ఫోనులో ఆ వ్యాపారి గొంతు, హజ్జా తల్లీ, ఈసారి కోడిపిల్లల్ని నేను ఎత్తను, ఏమీ అనుకోకు, నా ఫారాలన్నిటికీ తాళాలు పడ్డాయి, దాణా ధర చూస్తుంటే నేనే కొక్కొరోకో అని కూసేట్టున్నాను, రేపో ఎల్లుండో అవి పెంకు పగలగొట్టుకుని వచ్చాక గోతాల్లో కుక్కి కాలవలో వేసే పాపం నీకెందుకు, ఇప్పుడే తీసి బయట పరిచెయ్, వాటంతటవే చల్లారిపోతాయి, బండి పంపిస్తాను, ఎత్తుకుపోయి పాతిపెట్టేస్తారు, వాటికి తెలియను కూడా తెలియదు, అన్నాడు, తెలియదట, వాడికెవరు చెప్పారో, సాయంత్రానికల్లా చెప్తానులే అని పెట్టేసింది, గూడు తనది, నాన్న తర్వాత తనదే, ఉంచమన్నా తీయమన్నా తనే అనాలి.

నడుము లాగేస్తోంది, ఈ సన్న నడవాలో వంగి వంగి ఒంగిపోయిన నడుము, అటూ ఇటూ మట్టి అరలు, అరల నిండా గుడ్లు, పైన గుమ్మటం చిల్లిలోంచి బిళ్ళంత వెలుతురు, ఆ వెలుతురులో గడ్డికింద పరచిన పాత పేపరు ముక్క, కళ్ళు ఊరుకోవు, ఎక్కడ అక్షరం కనిపిస్తే అక్కడ ఆగుతాయి, బడికి పోయింది లేదు, దాణా బస్తాల మీదా గుడ్లు చుట్టి వచ్చిన కాగితాల మీదా కూడబలుక్కుని నేర్చుకున్న చదువు, అందుకే ఇప్పటికీ పెదాలు కదపకుండా చదవలేదు, అరబ్ దేశాల్లో కోళ్ళ పెంపకం, నేటి స్థితి, రేపటి ఆశలు, అని ఉంది పెద్ద అక్షరాల్లో, కింద ఎవరో టై కట్టుకున్న పెద్దమనిషి బొమ్మ, త్వరలో మన కోడి మనకు చాలుతుంది, బయటి దేశాల వైపు చూడనక్కర్లేదు అంటున్నాడు, ఆయన మొహం మీద రెట్ట మరక, అయ్యా, మొక్కజొన్న ఓడ మీద వస్తుంది, సోయా ఓడ మీద వస్తుంది, టీకా మందు వస్తుంది, ఫారం కోళ్ళ ముత్తవ్వలు కూడా విమానమెక్కి వస్తాయట, ఓడలు రేవులోనే నిలబడిపోయాయి, డాలర్లు లేవట, మనదంటూ ఏముంది ఇందులో, వేడి ఒక్కటే, ఈ మట్టీ ఈ పిడకల వేడీ, అది కూడా ఇప్పుడు ఇలా రెప్ప కింద చల్లగా, ఎన్నిసార్లు విన్నది తను ఈ మాటలు, నాన్న కాలంలో ఇంకో పెద్దమనిషి, పక్షి జ్వరం వచ్చిన ఏడు ఇంకొకడు, ఆ ఏడు మేడల మీద కోళ్ళని కూడా బస్తాల్లో పట్టుకుపోయారు, ఆడవాళ్ళు మెట్ల మీద నిలబడి మనుషులు పోయినట్టు ఏడ్చారు, అప్పుడూ అనుకుంది ఇక అయిపోయిందని, అవలేదు, అవకపోవడమే ఈ పనిలో ఉన్న అలసట.

బయట గొంతులు, సనియ్య వచ్చినట్టుంది, పక్కవీధి సనియ్య మాట గుమ్మం కన్నా ముందు లోపలికి వస్తుంది, ఏమే అవాతిఫ్, మీ అమ్మ లోపలే ఉందా, ఆవిడే పొదుగుతోందా ఏం, అని నవ్వుతోంది, అవాతిఫ్ కూడా నవ్వి, పిన్నీ, పిల్లలు వస్తే తీసుకుంటావా, మెత్వల్లీ వద్దన్నాడు అంటోంది, అయ్యో నాకో తట్టెడు పెట్టవే, పెద్ద ఫారాల కోళ్ళు దొరబిడ్డలు, ఓడ రాకపోతే పస్తులుంటాయి, మా మేడ మీదవి ఎండు రొట్టె నానబెట్టి వేసినా తింటాయి, కాస్త తవుడు, కాస్త బర్సీం గడ్డి, మా ఆయన మిగిల్చిన చిక్కుడుగింజల కూర, అదీ తింటాయి, మా ఆయన కన్నా వంక పెట్టకుండా తింటాయి, అవాతిఫ్ గొంతు తగ్గింది, అదే పిన్నీ, నేనూ అనుకుంటున్నాను, మూడు చక్రాల బండి మీద పంజరాలు కట్టుకుని కాలవ వెంట ఊరూరా తిరిగితే, ఇక్కడ వాడకొక తట్ట, అక్కడ వాడకొక తట్ట, ఉప్పునేలల ఊళ్ళ దాకా పోయి వస్తాను, రెండు మూడు రాత్రులు ఎక్కడో పడుకోవాలి అంతే, అమ్మే ఒప్పుకోదు, అదిగో, అదీ సంగతి, తఫీదా చేతిలో గుడ్డు ఆగిపోయింది, గుడ్లు పగిలితే అది వెళుతుంది, ఆ రోడ్డు మీద లారీలు, మగవాళ్ళ మధ్య ఒంటరిగా, ఎక్కడ పడుకుంటుందో ఏం తింటుందో, పగలకపోతే వెళ్ళదు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, పొద్దుటినుంచీ ప్రతి గుడ్డూ చల్లగా ఉండాలని రెప్పలో కోరుకుంటున్నది ఎవరో ఆమెకు ఇప్పుడు కాస్త తెలిసింది, తెలిసి సిగ్గేసింది, సిగ్గుకు కూడా ఓపిక చాలక గోడకు చేరగిలపడింది.

గాబెర్ ఇక్కడే కదా నిలబడ్డాడు, ఆ పాకే కంత దగ్గర, తలపాగా దూరక తల వంచి, ఒక్కగానొక్క తమ్ముడు, ఇరాక్‌లో కోళ్ళ ఫారంలో పని దొరికింది, మన వీధి కన్నా పొడుగు షెడ్లట అక్కా, ఫ్యాన్లు పెట్టి చల్లబరుస్తారట, మనమేమో ఇక్కడ వేడి కోసం చస్తున్నాం, అక్కడ వేడి వదిలించుకోడానికి చస్తారట, అని నవ్వుతూ, వెళ్ళొస్తా అక్కా అన్నాడు, తను గుడ్లు తిప్పుతోంది, ఆ పూట తిప్పాల్సిన గుడ్లు, తల తిప్పకుండానే, తలుపు మూసి వెళ్ళు, వేడి పోతుంది అంది, మూశాడు, ఎప్పుడూ తలుపు బాదేసే మనిషి ఆ రోజు చప్పుడు కాకుండా మూశాడు, ఆ తర్వాత క్యాసెట్లు వచ్చేవి, ఊరివాళ్ళెవరైనా తిరిగివస్తే వాళ్ళ చేత పంపేవాడు, అందులో వాడి గొంతు, వెనక వేల కోళ్ళ సణుగుడు, అక్కా నీ ములూఖియా కూర తిని ఎన్నాళ్ళయిందో, అక్కా నాన్న దగ్గు ఎలా ఉంది, ఆపైన యుద్ధం మీద యుద్ధం, క్యాసెట్లు ఆగిపోయాయి, ఆఖరిదాన్ని వినీ వినీ టేపు సాగి వాడి గొంతు ముసలివాడిదైపోయింది, వాడు ముసలివాడయ్యాడో లేదో, మరిచిపోయాడని కొన్నేళ్ళు అనుకుంది, పోయాడని కొన్నేళ్ళు, మరిచిపోయాడనుకున్న ఏళ్ళే కష్టం, మనసు చల్లబడిపోయింది వాడికి అని అమ్మ అనేది, తనూ అనేది, వేడి పోతుంది అని తనే కదా అంది, మూయమంది తనే.

అమ్మా, అంటూ అవాతిఫ్ కంతలోంచి పాక్కుంటూ వచ్చింది, తలగుడ్డ నిండా తవుడు దుమ్ము, సనియ్య పిన్నికి ఒక తట్ట చెప్పాను, మెత్వల్లీకి ఏం చెబుదాం, సరే అంటే కాసేపట్లో బండి వచ్చేస్తుంది, ఏం మాట్లాడవేం, చల్లబడిపోయాయే, అంది తఫీదా, అన్నీనా, అంది కూతురు, ఈ అరంతా, అవాతిఫ్ తల్లి చేతిలోంచి గుడ్డు తీసుకుని కన్ను మూసి రెప్పకు ఆనించుకుంది, నాన్న నిలబడినట్టే నిలబడింది మెడ ఒక పక్కకు వాల్చి, ఈ మెడ వాల్చడం దీనికెప్పుడొచ్చింది, తను చూడలేదే, ఇంకో గుడ్డు, ఇంకొకటి, ఆ చివరి వరసలోది, తర్వాత నవ్వింది, పెద్దగా కాదు, అమ్మా, ఇవి వెచ్చగా ఉన్నాయి, మామూలు కన్నా ఎక్కువే, ఏదీ నీ కన్ను, అని తన వేళ్ళు తల్లి రెప్ప మీద పెట్టింది, అబ్బ, మంచులా ఉందే నీ రెప్ప, ఎన్నాళ్ళనుంచి ఇలా, ఒంట్లో బాగుండటం లేదా, అందుకేనా, ఇక పెంకులోని పిల్లల వేడే చాలని నిప్పు తీసేశాక కూడా మొన్న మళ్ళీ పెడదాం అని గొడవ చేశావు, పెట్టి ఉంటే ఉడికిపోయేవి కదా, తఫీదా నమ్మలేదు, కూతురు తన బండి కోసం అంటోందనుకుంది, అవాతిఫ్ గుడ్డును ఆమె చెవి దగ్గర పెట్టింది, రెప్పను వదిలెయ్, చెవి ఇంకా పనిచేస్తోందిగా, విను, అంది.

మొదట తన నెత్తుటి హోరే వినిపించింది, తర్వాత దాని వెనక చాలా దూరంగా గోరుతో గీసినట్టు ఒక చప్పుడు, ఆగి, మళ్ళీ, ఆపైన సన్నటి కూత, పెంకు లోపలినుంచే, దానికి జవాబుగా పక్క వరసలోంచి ఇంకొకటి, బండి కోసం పరిచేద్దామనుకున్నది వీటినా, నిప్పు తీసేసి ఎన్నాళ్ళయింది, ఎవరూ కాచకుండా, మూసిన గోడల మధ్య ఇవి ఇంత వేడి ఎక్కడ దాచుకున్నాయి, తన రెప్పకు తెలియనంత మాత్రాన లేకుండా పోలేదు, బస్రాలోనో బాగ్దాద్‌లోనో ఏ పొడుగు షెడ్డు చివరో గాబెర్ మెడ వాల్చి గుడ్డును రెప్పకు ఆనించుకుని ఉంటాడు, ఆనించుకుని ఉన్న మనిషి మనసు ఎలా చల్లబడుతుంది, చల్లబడ్డది వాడు కాదు, ఇన్నాళ్ళూ చల్లబడుతూ వచ్చింది ఇక్కడ, ఈ చీకట్లో, ఈ రెప్ప, ఫోను ఇలా తే, మెత్వల్లీతో నేను మాట్లాడతాను, బండి వద్దంటాను, నువ్వు పోయి పంజరాలు కడుక్కో, అంది, అవాతిఫ్ కంతలోంచి వెనక్కి పాకింది, బయట నిలబడి అలవాటు కొద్దీ తలుపు మీద చెయ్యి వేసింది, ఉండనీ, మూయకు, అంది తఫీదా లోపలినుంచి, ఇప్పుడు వాటికి కావలసింది గాలి, వేడి ఎక్కడికీ పోదు.