జిగురు పోసిన గాలి

అయ్యా కమిటీ పెద్దలూ, ఆ అబద్ధానికి ముద్ర కొట్టింది మీరే. రెక్క అదురుతుందని లెక్క మొత్తుకుంటే, లెక్క నోరు నొక్కారు. ఇప్పుడు ఆ రెక్కల మీద మనిషిని ఎక్కిస్తున్నారు. ఛీ!

ఏం జరిగిందో చెబుతాను, అందరూ వినాలి.

విమానం ధ్వని వేగానికి దగ్గర పడుతుంటే రెక్క వీపు మీద షాక్ తరంగం నిలబడుతుంది. కంటికి కనబడని గోడ అనుకోండి. రెక్కను అంటుకుని పారే పల్చటి గాలి పొర ఆ గోడను గుద్దుకుని నీరసించి, రెక్కను వదిలి పైకి లేచిపోతుంది. దాని వెనక అంతా సుడులే. ఆ సుడులతో గోడ కూడా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, రెక్క అదురుతుంది. విమానాన్ని పక్కకు వంచే పలక రెక్క చివర ఉంటుంది. ఆ చచ్చిన గాలిలో అది ఉన్నా లేనట్టే.

మా సిమ్యులేషన్ గదిలో ఈ గాలిని లెక్కగట్టేది మరదలుపిల్ల. మా కొత్త విమానాన్ని పరీక్షించే పైలట్ ఆమె అక్క మొగుడు, అందుకే ఆ పేరు. గదికి పెద్ద ఇస్త్రీ సారు. ఆయన చొక్కా మీద మడత ఉండదు, తెర మీద గీతకు వంకర ఉండకూడదు. లెక్క నడుస్తున్నంతసేపూ ఇంకెంత తప్పు మిగిలిందో చూపే గీత ఒకటి తెర మీద కదులుతూ ఉంటుంది. అది పడుకుంటేనే లెక్క అయినట్టు. పడుకోకపోతే జిగురు పోస్తారు. అంటే, గాలికి లేని చిక్కదనాన్ని లెక్కలో తగిలిస్తారు. అంత చిక్కటి గాలిలో సుడి పుట్టకముందే చస్తుంది.

ఈసారి పరీక్షించాల్సిన పై వేగం దగ్గర గీత పడుకోనంది.

“ఏమ్మా, నీ గీత ఇంకా గెంతుతోందేంటి?”

“గాలే గెంతుతోంది సార్. షాక్ ఒకచోట నిలబడట్లేదు.”

“గాలి గెంతదు, చేతకాని లెక్క గెంతుతుంది. జిగురు పొయ్యి.”

“పోసి చూశాను సార్. అసలు గాలి పైకి లేవడమే మానేసింది. అది గాలి కాదు, బంక.”

“కమిటీకి కావలసింది ఆ బంకే. లే, నేను చూపిస్తా.”

ఆమె కుర్చీలో ఆయనే కూర్చుని పోశాడు. గీత శవంలా పడుకుంది. తెర మీద రెక్క వెనకంతా ఒకటే నీలం, నత్త పాకినట్టు నున్నగా. ఆ బొమ్మ పచ్చి అబద్ధం. కమిటీకి మాత్రం కన్నులపండుగ. ఎంత జిగురు పోశారని ఒక్కడూ అడగలేదు. కాఫీలు తాగి, విమానం ఇంతవరకూ ఎక్కని ఆ వేగానికి పైలట్‌ను రేపే వెళ్లమన్నారు.

మధ్యాహ్నం క్యాంటీన్లో మరదలుపిల్ల పైలట్‌ను పట్టుకుంది.

“బావా, రేపు ఎక్కకు.”

“అబ్బో! మీ అక్క ఒక్కసారైనా ఇలా అనలేదే. నేను పైకెళ్తే ఇంట్లో గోల తగ్గుతుందంటుంది.”

“వేళాకోళం ఆపు. జిగురు తీసేసి మళ్లీ నడిపాను. ఆ వేగంలో గాలి రెక్కని వదిలేస్తోంది. నువ్వు ఎటు తిప్పినా విమానం వినదు.”

బావ నమలడం ఆపాడు. “అంతకుముందు అదురుతుందా?”

“అదురుతుంది. నీకెలా తెలుసు?”

“మొన్న తక్కువ వేగంలోనే కంట్రోల్ కర్ర చేతిలో గిలగిల్లాడింది. చెప్తే, ఏదో రేకు వదులైందన్నారు. బిగించేశాం పొమ్మన్నారు.”

ఇద్దరూ నేరుగా కమిటీ గదిలోకి నడిచారు. నేనూ వెనకే వెళ్లాను. ఆమె జిగురు లేని లెక్కను పెద్ద తెర మీద నడిపించింది. షాక్ ముందుకీ వెనక్కీ ఊగింది. వెనక గాలి పాత గుడ్డలా చిరిగి పీలికలైంది.

ఇస్త్రీ సారు తెర వైపు కూడా చూడలేదు. “గీత పడుకోలేదు. కాబట్టి ఇది లెక్క కిందికి రాదు.”

“నా చేతిలో కర్ర కూడా పడుకోలేదు సార్. దానికేం పోస్తారు?” అన్నాడు బావ.

ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడు మొహం చిట్లించాడు. “బావామరదళ్ల భయాలు ఇంట్లో చూసుకోండయ్యా. పని ఆగదు.”

బావ చంకలోని హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. “నేను ఎక్కను.”

“ఇంకొకడు ఎక్కుతాడు.”

“ఎవరు? నా దగ్గర నేర్చుకున్న కుర్రాడా? వాడికి ఈ అదురు గురించి చెప్పారా?”

“తెలియాల్సిందంతా ఆ నీలం బొమ్మలో ఉంది,” అని అధ్యక్షుడు కాఫీ అందుకున్నాడు. ఆ మాట అన్నాక కూడా ఆయనకు కాఫీ గొంతు దిగింది!

ఇదీ మీ నిర్వాకం. ఇక వినండి. రేపటి పరీక్ష రద్దు చేయండి. జిగురు లేని లెక్కను ఆ కుర్ర పైలట్‌కు మొదటినుంచీ చివరిదాకా చూపించండి. రెక్క నమూనాను గాలి సొరంగంలో పెట్టి, గాలి ఎక్కడ వదిలేస్తుందో కళ్లారా చూడండి. ఇస్త్రీ సారును ఆ కుర్చీలోంచి లేపండి. మరదలుపిల్ల, ఆమె బావ, నేను విమానం ఉంచిన హ్యాంగర్ తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాం. మమ్మల్ని తప్పించడానికి మనుషుల్ని పంపకండి. ఈ తలుపు తాళాలు పంపండి, ఇప్పుడే.