రేకు గోడకి అటూ ఇటూ

పొద్దున్నే వెల్డర్ భార్య సిమెంటు కట్టు వేసిన తన ఎడమ చేతిని మొగుడి ముఖం ముందు పెట్టి నిలదీసింది.

"ఈ రోజు చెప్తావా, చెప్పవా?"

"చెప్తాలే."

"లే కాదు. చెప్తాను అను."

"చెప్తాను," అన్నాడు వెల్డర్, నేల చూపులు చూస్తూ.

ఆ మణికట్టు ఎముక చిట్లగొట్టింది ఆమె మావగారి చేతికర్ర. తెచ్చిన తిండి చల్లారిపోయిందట, అదీ ఆయన గారి ఫిర్యాదు. ముసలాయన ఒకప్పుడు కొలిమి ముందు సుత్తి పట్టిన మనిషి. ఇప్పుడు కాళ్ళు పడిపోయాయి, చెవులకి చెముడొచ్చింది, చేతులకి మాత్రం ఏ రోగమూ రాలేదు. కొడుకుని పాలపళ్ళు ఊడకముందు నుంచీ కొట్టాడు, కొడుక్కి తల నెరిసినా కొడుతూనే ఉన్నాడు. ఆ చేత్తో ముద్ద తినిపించిన జ్ఞాపకం వెల్డర్‌కి ఒక్కటీ లేదు గానీ, ఆ చెయ్యి ఎటు నుంచి వచ్చి పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అయినా తెల్లారితే ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టేదీ, కడిగేదీ, గడ్డం గీసేదీ అతనే. వండి పెట్టేదీ, పక్కబట్టలు ఉతికేదీ ఆమె. ఎందుకు చేస్తున్నావంటే తండ్రి కాబట్టి అంటాడు. అంతకంటే మంచి సమాధానం అతని బుర్రకి ఎప్పుడూ తట్టలేదు.

ఇద్దరు సర్వేవాళ్ళు వస్తామని ముందే కబురు పెట్టారు. ముసలివాళ్ళు పెరిగి పిల్లలు తగ్గిపోతున్న కాలంలో ఎవరికి ఎవరు ఆసరాగా ఉంటున్నారో కనుక్కుంటారట. వాళ్ళదో పద్ధతి. ఇంట్లో పెద్దనీ, చూసుకునే బిడ్డనీ జంటగా పట్టుకుని, ఒకేసారి వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇద్దర్నీ అవే ప్రశ్నలు అడుగుతారు. ఒకరి మాట ఒకరి చెవిన పడకూడదు. చెప్పిందంతా రహస్యమే, ఒక్కటి తప్ప. ఇంట్లో దెబ్బలున్నాయని ఆ ఇద్దరిలో ఎవరు చెప్పినా సంక్షేమ శాఖకి చేరవేస్తారు, ఆ శాఖవాళ్ళు వచ్చి పెద్దాయన్ని వృద్ధాశ్రమానికి తీసుకుపోతారు. ఆ ముక్క చెవిన పడ్డప్పటి నుంచే వెల్డర్ భార్యకి ప్రాణం లేచొచ్చింది. తనే చెప్తే కోడలి కుళ్ళు అంటారు. అదే కన్నకొడుకు నోటితో వస్తే ఎవడూ వేలెత్తి చూపడు.

"చెప్పకపోతే మాత్రం ఈ ఇంట్లో ఆయనన్నా ఉంటాడు, నేనన్నా ఉంటాను," అని ఆమె తేల్చి చెప్పేసింది.

వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి, ఒక బట్టతల ఆయన. అమ్మాయి ఇంటి ముందు గదిలోని వెల్డింగ్ దుకాణంలోనే, సగం అతికిన గేట్ల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని ఒళ్ళో ట్యాబ్ తెరిచింది. వెల్డర్ ఆమె ఎదురుగా ఇంకో పీట వేసుకున్నాడు. బట్టతల ఆయన వెనక గదిలో మంచం పక్కన కుర్చీ వేసుకుని తలుపు మూశాడు.

"మరి నన్నడగరా?" అంది వెల్డర్ భార్య, గుమ్మం పట్టుకుని.

"కోడళ్ళని అడగమండీ. మా పద్ధతి అది," అంది అమ్మాయి, నొచ్చుకుంటూ.

పద్ధతి బాగానే ఉంది. కాకపోతే దాన్ని కనిపెట్టిన మహానుభావులు చెముడు సంగతి మరిచిపోయారు. రెండు గదులకీ మధ్య ఉన్నది ఒట్టి రేకు గోడ.

"తాతగారూ! మీకు తిండి ఎవరు పెడతారు?" అని అవతల బట్టతల ఆయన గొంతు చించుకున్నాడు.

"ఆఁ?"

"తిండి! తిండి!"

"తిన్నాను!"

అమ్మాయి నవ్వాపుకుని, తన ప్రశ్నలు తను గబగబా అడగసాగింది. "మీ నాన్నగారి నుంచి మీకు ఎలాంటి సాయం అందింది సార్? పిల్లల పెంపకంలో గానీ, పనిలో గానీ..."

"పని నేర్పాడు," అన్నాడు వెల్డర్. ఎలా నేర్పాడో ఆమె అడగలేదు. అతని చెవులు రెండూ రేకు గోడకి అతుక్కుని ఉన్నాయి.

"తిండి పెట్టేది చిన్నోడు!" అని అటు నుంచి వినపడింది.

"స్నానం ఎవరు చేయిస్తారు?"

"చిన్నోడే! ఒంట్లో బాగోకపోయినా వాడే వస్తాడు. వాడు బంగారం!"

చిన్నోడంటే వెల్డర్ తమ్ముడు. వచ్చాడంటే ఇంత పళ్ళ సంచీ ఒకటి తెచ్చి, ప్యాంటు ఇస్త్రీ నలక్కుండా మంచం అంచున కూర్చుని, వెళ్ళేముందు చేతులు కడుక్కునే రకం.

"మరి పెద్దబ్బాయి?"

"వాడా? వాడు గేట్లు చేస్తాడు."

వెల్డర్‌కి కోపం నషాళానికి అంటింది. పొద్దున తండ్రి నడుం కింద తుడిచిన చేతులు పిడికిళ్ళయ్యాయి. అమ్మాయి ఏదో అడిగింది, అతనికి వినపడలేదు.

"ఒరేయ్! రారా! అవతలికి వెళ్ళాలి!" అని ముసలాయన కేకేశాడు.

ఆ పనికి వెల్డర్ తప్ప ఎవరూ పనికిరారు. సర్వేవాళ్ళిద్దరినీ దుకాణంలో ఉండమని చెప్పి, తండ్రిని చంకల కింద చేతులేసి లేపి, పెరటి స్నానాల గదికి మోసుకెళ్ళాడు. దాని పక్కనే రంగు కొట్టే కంప్రెసర్ ఉంది. అందులో గాలి తగ్గినప్పుడల్లా దానంతట అదే మొదలై పెరడంతా దద్దరిల్లిస్తుంది.

ముసలాయన్ని సీటుకి బొక్క పెట్టిన కుర్చీలో కూర్చోబెట్టి, బొందు విప్పుతూ ఆయన చెవిలో అరిచాడు.

"ఇవన్నీ చిన్నోడు చేస్తున్నాడా?"

"ఏంటి?"

"నిన్ను కడిగేది చిన్నోడా?"

ఈసారి ముసలాయనకి వినపడింది. "నీ చెయ్యి మొరటురా. వాడిది మెత్తన."

"వాడి చెయ్యి నీ మీద పడితేగా!"

ముసలాయన పక్కనున్న ఇనప మగ్గు అందుకున్నాడు. అది వెల్డర్ తన చేత్తో అతికి చేసిందే. కనుబొమ మీద ఎముక టంగుమంది. నెత్తురు కంట్లోకి కారింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. మూడోదానికి చెయ్యి లేచేసరికి కంప్రెసర్ మొదలైంది, వెల్డర్ తండ్రి గొంతు పట్టుకున్నాడు.

బొటనవేళ్ళు కంఠం కింది గుంటలో సరిగ్గా ఇమిడాయి. ఆ తలని స్నానాల గది రేకుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రేకు సొట్టపడింది. అప్పటికీ కసి తీరక, మెడ వంచి నీళ్ళ డ్రమ్ములో ముంచి అదిమి పట్టాడు. హాయిగా ఉంది. దాచి లాభం లేదు, ఆ క్షణాన అతనికి బతుకులో ఎన్నడూ లేనంత హాయిగా ఉంది. నీళ్ళలోంచి బుడగలు లేస్తున్నాయి. ముసలాయన చేతులు బతిమాలడం లేదు. వెనక్కి తిరిగి కొడుకు చెవి వెతికి పట్టుకుని మెలిపెడుతున్నాయి, గోళ్ళు దిగేలా. చచ్చేటప్పుడు కూడా కొట్టే మనిషి.

కంప్రెసర్ ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దానికి వెల్డర్ ఉలిక్కిపడి చేతులు వదిలేశాడు.

ముసలాయన కుర్చీలో కూలబడి దగ్గాడు, నీళ్ళు కక్కాడు, ఊపిరి అందక ఎగపీల్చాడు. మొహం నల్లబడింది. అందరు తండ్రుల్లా ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొడుకు చేతుల వంక కాసేపు చూసి, గొంతు బొంగురుపోతుండగా అన్నాడు.

"ఇప్పుడు పట్టావురా సరిగ్గా."

సుత్తి పట్టడం నేర్పిన రోజుల్లో ఆ మాట కోసం వెల్డర్ మొహం వాచిపోయాడు. ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు అన్నాడు. అంతకంటే ఘోరం ఏంటంటే, ఆ మాటకి వెల్డర్‌కి లోపలెక్కడో సంతోషం వేసింది. వేసినందుకు తన మీద తనకే వెగటు పుట్టింది. తండ్రి తల తుడిచాడు. పొడి చొక్కా తొడిగి, వేలి గుర్తులు కనపడకుండా మెడ దాకా గుండీలు పెట్టాడు. ముసలాయన బుద్ధిగా గడ్డం పైకెత్తి పెట్టించుకున్నాడు.

తండ్రిని మంచం మీదికి చేర్చి దుకాణంలోకి వచ్చిన వెల్డర్‌ని చూసి అమ్మాయి కంగారుగా లేచింది. "ఏమైంది సార్? రక్తం!"

"తలుపు తగిలింది. కానివ్వండి," అని వెల్డర్ తన పీట మీద కూర్చున్నాడు.

అతని భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కనుబొమ చూసింది, మొగుడి తడి చొక్కా చేతులు చూసింది. ఆ ఇంట్లో తలుపులు అలా తగలవని ఆమెకి తెలియనిది కాదు. ఇప్పుడైనా చెప్పు అన్నట్టు కట్టు చేతిని గుండెలకి హత్తుకుని అతని వంకే చూస్తోంది.

మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళిన బట్టతల ఆయన ఆఖరి ప్రశ్నకి వచ్చాడు. "తాతగారూ! ఈ ఇంట్లో ఎవరైనా ఎవరినైనా కొడతారా?"

 వెల్డర్ రేకు గోడ వైపు తిరిగాడు. ముసలాయన చొక్కా గుండీ ఒక్కటి విప్పి చూపిస్తే చాలు, కొడుకు బతుకు బజారున పడుతుంది.

"నన్ను కొట్టే మగాడు ఇంకా పుట్టలేదు!" అని ముసలాయన బొంగురు గొంతుతో గర్జించాడు. "లేదని రాసుకో!"

అది పొగరో, కొడుకుని కాయడమో వెల్డర్‌కి తేలలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

"మీరు చెప్పండి సార్," అంది అమ్మాయి, అతని నుదుటి మీది నెత్తురు మీంచి చూపు తిప్పకుండా. తొందరేం లేదన్నట్టు చాలా మెల్లగా అడిగింది. "ఈ ఇంట్లో ఎవరైనా ఎవరినైనా కొడతారా?"

నిజం నాలిక చివరి దాకా వచ్చింది. దాని వెనకే నీళ్ళ డ్రమ్మూ, బుడగలూ వచ్చాయి.

"లేదు," అన్నాడు.

ఇంత సేపూ ఒక్క జవాబైనా కలవని తండ్రీకొడుకులకి ఇదొక్కటి కలిసింది. అమ్మాయి ఏదో నొక్కి, నిట్టూర్చి, ట్యాబ్ సంచీలో పెట్టుకోబోయింది.

"అమ్మాయ్, ఆగు," అంది వెల్డర్ భార్య. గుమ్మం దాటి గేట్ల మధ్యకి వచ్చింది. "నన్నడుగు."

"కోడళ్ళని..."

"నీ పద్ధతి సంగతి నాకు తెలుసు. అయినా అడుగు."

"నువ్వుండవే," అని వెల్డర్ చెయ్యెత్తాడు. ఆపుదామనే ఎత్తాడు, ఇంకేం లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మీద చెయ్యి చేసుకున్న పాపాన పోలేదు.

ఆమె కట్టు చెయ్యి గబుక్కున లేచి తలకి అడ్డుపడింది. మోచెయ్యి చెవి మీదికి, గడ్డం గుండెకి ఆన్చి, కళ్ళు గట్టిగా మూసుకుంది. చిన్నప్పుడు కొలిమి మూలన వెల్డర్ ముడుచుకున్నది సరిగ్గా అలాగే.

లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వెల్డర్ దాన్ని చూశాడు. బొటనవేలి గోట్లో ఇంకా తండ్రి మెడ మీది చర్మం ఉంది. అమ్మాయి కూడా చూసింది. సంచీలోకి పోబోతున్న ట్యాబ్ మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

"ఏమైందిరా?" అని రేకు అవతలి నుంచి ముసలాయన అరిచాడు. "అయిపోయిందా?"

వెల్డర్ చెయ్యి దించాడు. లేచి, తను కూర్చున్న పీటని భార్య వైపు జరిపాడు. ఆమె కళ్ళు తెరిచి, ముందు అతని చేతుల వంక చూసి, తర్వాత కూర్చుంది.

"అయిపోలేదు నాన్నా!" అన్నాడు వెల్డర్, చెవిటివాడికి వినపడేంత గట్టిగా. "ఇంకొకళ్ళు ఉన్నారు!"