చెల్లెలి కిటికీ వైపు

పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు తీయగానే యార్డు పనివాళ్ళు చేసే మొదటి పని ట్రాక్టర్ల ముందు చక్రాలు సరిచేయడం. సాయంత్రం తిన్నగా నిలబెట్టిన బండ్లన్నీ తెల్లారేసరికి ఒకే వైపు చక్రాలు తిప్పుకుని ఉండేవి. పనివాళ్ళు ఒక్కో బండీ ఎక్కి, స్టీరింగు సరిచేసి, దిగి, టీకి పోయేవాళ్ళు. ఇందులో ఎవరికీ విడ్డూరం కనపడలేదు. పెద్దాయన చేసిన బండ్లు, ఆయన మనసు ఎటుంటే అటు చూస్తాయి, అంతే కదా!

పెద్దాయనంటే కంపెనీ పెట్టినాయన. ఒకప్పుడు రేకుల షెడ్డులో వాళ్ళవీ వీళ్ళవీ మోటార్లు బాగుచేస్తూ, పాత ఇనుమంతా పోగేసి, అందరూ నవ్వుతుంటే మొదటి ట్రాక్టరు చేశాడు. నీలం రంగు వేశాడు, షెడ్డులో మిగిలిన డబ్బా అదొక్కటే గనక. భార్య కాన్పుకి వెళితే ఆ బండి ఆస్పత్రి వైపు తిరిగి, ఆమె ఇంటికొచ్చేదాకా అలాగే ఉంది. ఆ కాన్పులో పుట్టినవాడే పెద్దబ్బాయి.

మళ్ళీ ఒక్కసారన్నా అవి పెద్దబ్బాయి వైపు చూస్తే ఒట్టు. చెల్లెలు పుట్టింది, పసితనంలోనే ఆయాసం పట్టుకుంది, ఇక యార్డంతా, పక్కనే ఉన్న ఇంట్లో ఆవిడగారి కిటికీ వైపే! ఆమె చదువుకుని, ఇంజనీరై, కంపెనీలో బ్రేకుల పని చూస్తున్నా అటే! ఎండనక వాననక తిరిగి బండ్లు అమ్మేది ఇతను. అయినా రోజూ పళ్ళు తోముకుంటూ చూస్తే అవి పక్క గది వైపు మూతి తిప్పుకుని ఉండేవి. కడుపు రగిలిపోయేది.

ఒకసారి, "నీ గదిలో గాలి బాగా వస్తుందే, మార్చుకుందామా?" అన్నాడు. ఆ పిచ్చిది పరుపు కూడా తనే మోసుకుపోయింది. తెల్లారి చూస్తే బండ్లు ఆమె కొత్త గది వైపు తిరిగి ఉన్నాయి. ఆ పూట అతను కాఫీ కూడా ముట్టలేదు.

ఇంతలో పెద్దాయన ఒక మాటన్నాడు. కొత్త మోడల్ బయటికి తెచ్చే రోజున తన కుర్చీ ఎవరిదో చెప్తాడట. ఆ మోడల్‌కి బ్రేకులు చేసింది చెల్లెలు. ఇంకేముంది, కుర్చీ కూడా దానికే!

ముందు రోజు భోజనాల వేళ పెద్దబ్బాయి కొత్త బండి కిందికి దూరాడు. బ్రేకు రాడ్డు పిన్ను లాగి జేబులో వేసుకున్నాడు. రేపు డ్రైవరు అందరి ముందూ బ్రేకు తొక్కుతాడు, బండి ఆగకుండా వెళ్ళి పాత టైర్ల గుట్టకి గుద్దుకుంటుంది, చెల్లెలి పరువు గంగలో కలుస్తుంది. కుళ్ళు పట్టినవాడి బుర్ర అంతకంటే ముందుకు పోదు మరి.

మర్నాడు పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని కిటికీ తీశాడు. బండ్లన్నీ తన వైపే చూస్తున్నాయి! ఒక్కటీ తప్పకుండా అన్నీ!

"అమ్మా! ఒక్కసారి రా! ఇన్నాళ్ళకి నాన్న మనసు నా మీదికొచ్చింది!"

తల్లి వచ్చి చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఏం చేశావురా?"

"ఏం చేయడమేంటి?"

"మీ నాన్న సంగతి నీకు తెలీదూ? బాగున్న బండిని షెడ్డు వెనక్కి తోలి మళ్ళీ దాని వంక చూడరు. నలతగా ఉన్నదాన్నే కిటికీ ముందు పెట్టుకుంటారు. చెల్లికి ఊపిరాడుతుందో లేదోనని ఇన్నాళ్ళూ దాని మీదే బెంగ. నువ్వు గుండ్రాయిలా ఉన్నావని నిశ్చింతగా ఉన్నారు. రాత్రంతా కునుకు లేదు ఆయనకి. చెప్పు, ఏం చేశావు?"

అతని చెయ్యి జేబులోకి పోయింది. పిన్ను చల్లగా తగిలింది.

"నాన్నేరి?"

"కొత్త బండి తనే నడుపుతానని వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులు, డ్రైవరున్నాడు కదా అంటే వినలేదు."

నోట్లో నురగతో, ఒట్టి కాళ్ళతో పరిగెత్తాడు పెద్దబ్బాయి. యార్డు నిండా జనం. పెద్దాయన కొత్త బండి మీద కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆడుతోంది, గేరు మాత్రం వేయలేదు.

"దిగు నాన్నా! దిగు!"

"ఎందుకు దిగాలిరా? నీ కోసమేగా కూర్చున్నాను," అన్నాడు పెద్దాయన మెల్లగా. "నిన్న మధ్యాహ్నం బండి కింద నీ బూట్లు కనపడ్డాయి. పిన్ను తెచ్చావా?"

పెద్దబ్బాయి ఏడుస్తూ బండి కిందికి దూరాడు. పిన్ను పెట్టాడు.

"సరిగ్గా పెట్టావా?"

"పెట్టాను నాన్నా."

పెద్దాయన గేరు వేశాడు. బండి యార్డు చుట్టూ తిరిగొచ్చి, టైర్ల గుట్టకి మూరెడు దూరంలో ఠక్కున ఆగింది. కుర్చీ చెల్లెలికే వచ్చింది. కుళ్ళు ఒక్క రోజులో పోతుందా ఏమన్నా? ఆమె కుర్చీలో కూర్చుంటే చప్పట్లు కొట్టాడు గానీ అరచేతులు సరిగ్గా కలవలేదు. బ్రేకుల పని మాత్రం తనకిమ్మని అడిగి తీసుకున్నాడు. చెల్లెలు మారుమాట లేకుండా ఇచ్చింది.

కొన్నేళ్ళకి పెద్దాయన పోయాడు. ఆ తర్వాత బండ్లు ఎక్కడ నిలబెట్టినవి అక్కడే, తిన్నగా ఉండిపోయాయి. పనివాళ్ళకి పొద్దున పని తగ్గింది.

ఒకరోజు గేటు తీసేసరికి బండ్లన్నీ మళ్ళీ చెల్లెలి కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. ముందు రోజు ఆమెకి ఆయాసం ఎక్కువైందట. పనివాళ్ళు తలెత్తి చూశారు. ఆ కిటికీలో ఆమె మంచం పక్కన, పెద్దబ్బాయి తెల్లవార్లూ కూర్చున్న కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నాడు.