మెత్తగా పట్టించిన బార్లీ

యమ్నా స్ట్రాబెర్రీలు కోయడానికి స్పెయిన్ వెళ్లి నలభై రోజులైంది. మూడు నెలల పని. కూతుర్ని బడి కోసం పుట్టింట్లో దింపి వెళ్లింది. సీదీ బెన్నూర్ ఊరి పొలాల మధ్య ఆ ఇంట్లో భర్త బూషయీబ్, ఒక ఆవు మిగిలారు.

ఆవు పని ఎప్పుడూ యమ్నాదే. ఆమె ముక్కలుగా పగలగొట్టి ఉంచిన బార్లీ చూసి, తీరిక లేక అలా వదిలేసిందనుకున్నాడు బూషయీబ్. అది అయిపోగానే కొత్త బస్తాను పిండిమరకు తీసుకెళ్లి రొట్టెల పిండంత మెత్తగా పట్టించాడు. మెత్తనిదైతే సులువుగా అరుగుతుంది కదా! పాలు పెరిగితే ఫోనులో చెప్పొచ్చని ఇంకాస్త ఎక్కువే పెట్టాడు.

వారం తిరక్కుండానే పాలు పల్చబడ్డాయి. పాలకేంద్రంలో కొలిచే మఅతీ నవ్వాడు.

"ఏంరా, పెళ్లాం ఊళ్లో లేదని బావినీళ్లు కలుపుతున్నావా?"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తనూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

తర్వాత పేడ జారుగా, నురగతో పడింది. ఆవు మేత ముట్టలేదు. నెమరు ఆగిపోయింది. సాయంత్రాలు గుమ్మంలో ఒక్కడే టీ తాగుతుంటే ఇంట్లో వినిపించేది ఆ నమిలే చప్పుడొక్కటే. ఇప్పుడు అదీ లేదు.

పశువుల డాక్టరు హమ్మాదీ వచ్చి డొక్కలో పిడికిలి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"కదలిక లేదు. ఏం పెడుతున్నావ్?"

బూషయీబ్ గిన్నెలో పిండి తెచ్చి, కొంచెం గర్వంగానే చూపించాడు.

"అయ్యో, ఇది నువ్వు తినేది! దాని పొట్టలో ఇది ఒక్కసారిగా పులిసిపోతుంది. నమలడానికేం లేకపోతే లాలాజలం ఊరదు. ఆ పులుపును విరిచేదే అది. పిండి ఆపెయ్. పొడుగాటి ఎండుగడ్డి వెయ్, తినే సోడా నేనిస్తా. కోలుకున్నాక బార్లీ కొంచెం కొంచెంగా పెట్టు. గింజ రెండు మూడు ముక్కలైతే చాలు."

సాయంత్రం యమ్నా ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ల మాటలు, గిన్నెల చప్పుడు.

"పిండి పట్టించావా? రోజూ తెల్లారకముందే తిరగలి తిప్పి పగలగొట్టేదాన్ని కదయ్యా! నీ తలవైపు గోడకి అవతలే. పదకొండేళ్లు. ఒక్కసారన్నా వినలేదా?"

"వినలేదు" అన్నాడు.

అటువైపు ఎవరో ఆమెను పిలిచారు.

"సర్లే. స్నానానికి నా వంతొచ్చింది. దాన్ని చూసుకో" అని పెట్టేసింది.

నాలుగు రోజులు గడ్డి చేత్తో అందించాడు. ఐదోనాటి మధ్యాహ్నం ఆవు పడుకుని ఉండగా గొంతులో ఒక ముద్ద పైకి కదిలింది. దవడ మెల్లగా పక్కకి తిరిగింది. బూషయీబ్‌కు ఎవరికైనా చెప్పాలనిపించి ఫోన్ తీశాడు. ఈ వేళ ఆమె తోటలో ఉంటుంది, ఎత్తనివ్వరు. ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

తిరగలి పని పట్టుబడటానికి మూడు రోజులు పట్టింది. మొదట గింజలు గింజలుగానే రాలాయి. పాలు చిక్కబడటానికి ఇంకో రెండు వారాలు పట్టింది. యమ్నా రావడానికి అంతకన్నా ఎక్కువే ఉంది.