చింతపండుతో తోమిన అద్దం

నేను ఒక దూరదర్శినిని. టెలిస్కోప్ అంటేనే మీకు తెలుస్తుందంటే అలాగే పిలవండి, నాకు పట్టింపు లేదు. హర్యానాలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. గాజుబిళ్ళను రోజుల తరబడి అరగదీసి, నున్నగా చేసి నాకు కన్నుగా పెట్టారు. నన్ను మొదట కొన్నది వరంగల్‌లో ఒక లెక్చరర్. మేడ మీద నిలబెట్టి వాడకట్టు మొత్తాన్నీ పిలిచేవాడు. వచ్చినవాళ్ళు శనిగ్రహానికి దండం పెట్టి, ఏలినాటి శని ఎప్పుడు వదులుతుందని అడిగేవారు. ఆండ్రోమెడా గెలాక్సీని చూపిస్తే, పాతిక లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు కదా, కాస్త మర్యాద చేస్తారనుకున్నాను. "గింతేనా సార్, పొగ లెక్కున్నది" అని మెట్లు దిగిపోయేవారు.

ఆయన పోయాక ఇంటివాళ్ళు నన్ను కరీంనగర్ వైపు ఒక ఊరి బడికి ఇచ్చేశారు. అక్కడ నాకు ఇద్దరు దిక్కు. సైన్సు చెప్పే సుగుణ మేడం, అటెండర్ కొమురయ్య. కొమురయ్య నన్ను చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తేవాడు. ఆ ప్రేమతోనే వచ్చింది చిక్కంతా.

సూర్యుణ్ణి చూసేటప్పుడు నా మూతికి ఒక అద్దం తొడగాలి. దాని మీద వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది ఎండలో లక్షో వంతు మాత్రమే లోపలికి రానిస్తుంది. పూత లేకపోతే చూసేవాళ్ళ కన్ను కాలిపోతుంది, ఇక చూపు రాదు. ఆ దసరాకు మేడం సెలవులో ఉంది. కొమురయ్య ఆయుధపూజ చేసి బడి గంటకు, నీళ్ళ మోటారుకు, నాకు, ఆ అద్దానికి కూడా బొట్లు పెట్టాడు. అద్దం మీద కుంకుమ ఎండి అంటుకుపోయింది. బడి తెరిచేలోగా శుభ్రం చేద్దామని, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమాడు. బొట్టు పోయింది. రూపాయి బిళ్ళంత మేర పూత కూడా పోయింది. వెండి మెరుపు పోయి అక్కడ నల్లగా కనిపిస్తే, బొట్టు మరక మిగిలిందిలే అనుకున్నాడు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

దీపావళి అమావాస్య సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం. మేడం పిల్లలను బడి మైదానానికి రమ్మంది. గ్రహణం పూట ఎవరు పంపిస్తారు? పది మంది కూడా రాలేదు. కొమురయ్య మాత్రం వాడకట్టు వాళ్ళు వద్దంటున్నా మనవరాలు లాస్యను తీసుకొచ్చాడు. ఎనిమిదో తరగతి పిల్ల. తాను పూజ చేసిన వస్తువు తన పిల్లకు చెరుపు చేయదని ఆయన నమ్మకం.

పడమట మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఆ తొందరలో ఆయనే నాకు అద్దం తొడిగేశాడు. మామూలుగా మేడం దాన్ని బల్బు ముందు పట్టి చూడనిదే తొడగనిచ్చేది కాదు.

"అద్దం మీద అదేంది కొమురయ్యా, నల్లగున్నది?"

"బొట్టు మరక మేడం. తోమినా పోలే."

మేడం మబ్బు వైపు చూసి, ఆ మాట వదిలేసింది. నా నీడను బట్టి నన్ను సూర్యుడి వైపు తిప్పే సరికి మబ్బు పూర్తిగా కప్పేసింది. "ముందుగాల మా పిల్లను చూడనియ్యిండ్రి మేడం" అన్నాడు కొమురయ్య.

లాస్య వంగి నాకు కన్ను ఆనించింది.

"అంత చీకటే ఉన్నది తాతా."

"మబ్బు పోతది బిడ్డా. కన్ను తియ్యకు, గట్లనే ఉంచు."

ఆ పిల్ల రెప్పలు నాకు తగులుతున్నాయి. మబ్బు అంచు మెల్లగా జరుగుతోంది. గాలి కాస్త నన్ను పడగొడితే బాగుండుననుకున్నాను. నా మూడు కాళ్ళనూ కొమురయ్య మట్టిలో గట్టిగా పాతాడు. భయంతో నాలో నేనే ఏడ్చాను. మబ్బు అంచు తెల్లబడింది.

లాస్యకు ఏదో తోచింది. తలెత్తి మేడం వైపు తిరిగింది.

"సూర్యుడు గూడ చుక్కనే అన్నరు గద మేడం. మరి చుక్కల కాడికి పోయి చూస్తే మన సూర్యుడు గూడ చుక్క లెక్కనే కనబడ్తడా?"

"ముందు చూడు బిడ్డా, ముచ్చట తర్వాత" అని కొమురయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. అంతలో మబ్బు జరిగింది.

"అబ్బ, కాలింది" అంటూ లాస్య చెంప పట్టుకుంది. నాలోంచి వచ్చిన వెలుగు ఆమె చెంప మీద సూదిలా దిగింది. మేడం ఆ పిల్లను రెక్క పట్టి ఇవతలికి లాగి, నన్ను పక్కకు తిప్పేసింది. అద్దం ఊడదీసి వెలుతురుకు పట్టింది. నల్లమచ్చ ఉన్నచోట తెల్లటి చిల్లు.

"దేనితోని తోమినవ్ కొమురయ్యా?"

"చింతపండుతోని."

"తప్పు నాది గూడ. చూడక తొడగనిచ్చిన" అంది మేడం.

కొమురయ్య నేల మీద కూలబడి మనవరాలి ముఖం దగ్గరికి లాక్కున్నాడు. వేళ్ళు చూపించి ఇవెన్ని, ఇవెన్ని అని అడుగుతూనే ఉన్నాడు. "మూడు తాతా. రెండు. నాకేం గాలే" అని లాస్య చెబుతూనే ఉంది.

కాసేపటికి మేడం తేరుకుంది. ఎవరూ నాలోంచి చూడవద్దని పిల్లలను దూరంగా నిలబెట్టింది. అద్దం లేకుండానే నన్ను మళ్ళీ సూర్యుడి వైపు తిప్పి, వెనక తెల్ల చార్టు పట్టింది. కొరికిన రొట్టెలాంటి సూర్యుడు దాని మీద పడ్డాడు.

"చుక్క లెక్కనే కనబడ్తడు లాస్యా" అంది మేడం. "మన పాలపుంతల గిసొంటి సూర్యులు పదివేల కోట్లకు పైనే ఉన్నరు. దూరం బోతే మనోణ్ణి గుర్తువట్టుడు గూడ కష్టమే."

పిల్లలు చార్టు చుట్టూ మూగారు. కొమురయ్య మాత్రం గ్రహణం చూడలేదు. చార్టు వెలుగులో మెరుస్తున్న ఆ పిల్ల కళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.